వాళ్ల కథ అడక్కు, చిట్టీ

చిట్టీ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మీ వీధి చివర సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వాళ్లు ఒక శరణార్థి కుటుంబాన్ని స్పాన్సర్ చేస్తున్నారు, ఇరుగుపొరుగు వాళ్లనీ రమ్మంటున్నారు, "మనం యూదులం కాదు కదా పెద్దమ్మా, వెళ్లొచ్చా?" అన్నావు. వెళ్లు. ఆ మాటకొస్తే వచ్చేవాళ్లూ యూదులు అయ్యుండరు. 2016లో మేం టొరంటోలో ఉండగా మా దగ్గరి సినగాగ్ వాళ్లు రప్పించింది సిరియాలోని అలెప్పో నుంచి ఒక ముస్లిం కుటుంబాన్ని.

ఆ సినగాగ్ వాళ్లకి అంత పట్టుదల ఎందుకో ముందే తెలుసుకో, లేకపోతే నాలుగో నెలకి నీకు విసుగొస్తుంది. 1939లో సెయింట్ లూయిస్ అనే ఓడ 937 మందితో, దాదాపు అందరూ హిట్లర్ నుంచి తప్పించుకున్న యూదులే, క్యూబా దాకా వచ్చింది. అక్కడ కొద్దిమందినే దిగనిచ్చారు, అమెరికా వద్దంది, నువ్వు ఇప్పుడుంటున్న కెనడా కూడా వద్దంది. ఓడ యూరప్‌కే తిరిగిపోయింది. వాళ్లలో 254 మంది హోలోకాస్ట్‌లో, అంటే హిట్లర్ యూదుల మీద జరిపిన మారణకాండలో, పోయారు. కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పేసరికి 2018 వచ్చింది. మా స్పాన్సర్ గ్రూపులో ఉన్న ముసలివాళ్లు ఈ కథ వింటూ పెరిగినవాళ్లు.

అయితే ఒక్క ఓడ వల్లే కాదు. మీరు ఈజిప్టులో పరదేశులుగా ఉన్నారు, పరదేశి మనసు ఎలా ఉంటుందో మీకు తెలుసు, వాణ్ణి బాధపెట్టకండి అని వాళ్ల మూల గ్రంథం తోరాలో ఉంది. ఇలాంటి హెచ్చరిక 36 చోట్ల ఉందని, దాని మీద పండితుల చర్చలు పోగేసిన తాల్ముద్ లెక్క, కాదు 46 అన్నవాళ్లూ ఉన్నారు. మా అమ్మ ఒకే మాట అన్నిసార్లు చెప్పిందంటే మేం వినలేదనే అర్థం, వీళ్ల సంగతీ అంతేనేమో అనుకున్నాను. పరదేశి అంటే యూదు మతంలోకి మారినవాడు మాత్రమే అని కుదించి చదివే పండితులూ ఉన్నారు, మా గ్రూపులోనే దాని మీద ఓ సాయంత్రమంతా వాదించుకున్నారు, వాదించుకుంటూనే వచ్చేవాళ్ల కోసం మంచాలు బిగించారు.

వాళ్లు వాడే 'త్సెదకా' అనే మాట నీకు తేలిగ్గానే ఎక్కుతుంది. ఇచ్చే సొమ్ముకి పేరది, కానీ పుట్టింది న్యాయం అనే మాటలోంచి. మన గుమ్మం ముందు "ధర్మం చెయ్యండమ్మా" అన్నవాడు అడిగేదీ అదే కదా, ఆ ధర్మమూ ఈ ధర్మమూ ఒకటే మాట. కాబట్టి ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టకు. వాళ్లకి బాకీ ఉన్నట్టు వెళ్లు, థాంక్స్ చెప్పకపోయినా లోపల గుచ్చుకోదు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. ఆ అలెప్పో కుటుంబం వచ్చిన రెండో వారం భోజనాల దగ్గర, ఏదో ఆత్మీయంగా ఉంటుందనుకుని, "అక్కడ ఏం జరిగింది?" అని ఆ ఇల్లాల్ని అడిగాను. ఆవిడ చెంచా కింద పెట్టింది. మొహంలో రక్తం లేదు. భర్త నీళ్ల గ్లాసు ఆవిడ వైపు జరిపాడు, అంతే, ఇంకెవరూ నోరెత్తలేదు. తిరుగు ప్రయాణంలో కారులో సినగాగ్ మతగురువు రబ్బీ గారి భార్య నన్నేమీ తిట్టకుండా ఒక సంగతి చెప్పింది: నలుగురిలో మనిషి మొహం పాలిపోయేలా చేస్తే రక్తం చిందించినట్టేనని తాల్ముద్‌లో ఉందట, ఎరుపు పోయి తెలుపు రావడం కళ్లతో చూస్తాం కదా అని ఒకాయన సాక్ష్యం కూడా చెప్పాడట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెప్పాలనుకుంటే వాళ్లే చెప్తారు, నాలుగేళ్లకైనా చెప్తారు, చెప్పకపోవచ్చు కూడా. ఫోటోలు అసలే వద్దు, స్టేటస్‌లో పెట్టడం మరీ వద్దు.

అరబిక్ రాదు, టైమ్ లేదు అన్నావు. నదిలో కొట్టుకుపోతున్నవాణ్ణి కాపాడటం నీ విధి, నీకు ఈత రాకపోతే వచ్చినవాణ్ణి కూలికి పెట్టుకునైనా కాపాడాలని అదే తాల్ముద్. అరబిక్ వచ్చిన కాలేజీ పిల్ల ఎవరైనా దొరుకుతుందేమో చూడు, నువ్వు కారు నడుపు. క్లినిక్, స్కూల్ అడ్మిషన్, బస్ కార్డు, ఇవే పనులు. స్పాన్సర్ల బాధ్యత మామూలుగా ఏడాది. డబ్బు చేతిలో పెట్టడం కంటే మనిషి తన కాళ్ల మీద నిలబడేలా పనో వ్యాపారమో చూపించడం అన్నింటికంటే పైమెట్టు అన్నాడు మైమోనిడిస్ అనే పాతకాలపు యూదు పండితుడు, ఎనిమిది మెట్ల లెక్క ఆయనది. అందుకే మొదటి నెలలోనే వాళ్లాయన ఏం పని చేసేవాడో కనుక్కో. ఇది అడగొచ్చు, ఇది గాయం కాదు.

మేం ఫ్రిజ్ నింపి పెట్టాం, పీనట్ బటర్, సీరియల్, చీజ్ ముక్కలు. వారం గడిచినా సగం అలాగే ఉన్నాయి. నేను ఇంట్లోంచి మైసూరు పప్పు కేజీ పట్టుకెళ్తే ఆవిడ ప్యాకెట్ చింపి గుప్పెడు తీసి వాసన చూసి, "అదస్! అదస్!" అని మొగుణ్ణి పిలిచింది, అరబిక్‌లో ఆ పప్పు పేరే అది. ఆ పూటే సూప్ చేసి నన్ను కూర్చోబెట్టింది. జీలకర్ర వేసింది, నిమ్మకాయ పిండింది, పోపు లేదు. నేను రెండోసారి వడ్డించుకున్నాను, అదీ గుర్తుపెట్టుకో, పెట్టింది తిను, వద్దనకు.

వాళ్లు వచ్చే తారీఖు తెలిశాక ఫోన్ చెయ్యి. పప్పు మాత్రం ఇప్పుడే కొనిపెట్టు.

పెద్దమ్మ