మొదటి నెలకు వేరే డబ్బు చేతిలో ఉంచండమ్మా

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా పిల్లోడికి జర్మనీలో, కెమ్నిట్జ్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది. అక్టోబరులో పోవాలి. బ్యాంకు లోను తీసి బ్లాక్డ్ అకౌంటులో (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే కట్టి ఉంచే ఖాతా) 11,904 యూరోలు కట్టాము. అందులోంచి నెలకు 992 ఇస్తారట. దాంతో గడుస్తుందా? పార్ట్‌టైమ్ చేసుకుంటాడు, రెండో ఏడు మీరు పైసా పంపనక్కర్లేదు అని కన్సల్టెన్సీలో అంటున్నారు. మా ఆయన ఆ మాట మీదే ధైర్యంగా ఉన్నాడు. నాకు మాత్రం టెన్షన్.
– ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, కెమ్నిట్జ్ లాంటి ఊర్లో 992 యూరోలతో గడుస్తుంది. మ్యూనిక్ అయితే ఈ మాట చెప్పేదాన్ని కాదు, అక్కడ సగానికి పైగా అద్దెకే పోతుంది. అయితే మీరు అడగని సంగతి ఒకటుంది. ఆ 992 మీవాడు దిగిన రోజే చేతికి రాదు.

ముందు అక్కడి మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు కావాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. తర్వాత అక్కడి బ్యాంకులో ఖాతా తెరిచి ఆ వివరాలు పంపితే, అప్పుడు మొదటి నెల డబ్బు పడుతుంది. నేను 2021 అక్టోబరులో కడప నుంచి మాగ్డెబర్గ్ వెళ్లినప్పుడు దీనికి ఐదు వారాలు పట్టింది. నా దగ్గరున్నది 400 యూరోలు. హాస్టల్ గది అద్దె 270, అడ్వాన్సు వేరే. రెండో వారానికే ప్రొద్దుటూరు సీనియర్ అక్క దగ్గర 300 అప్పు చేశాను. అంగట్లో ప్రతి వస్తువు ధరనూ అప్పటి యూరో రేటు 86 రూపాయలతో గుణించుకుని మళ్లీ అక్కడే పెట్టేసేదాన్ని. నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు, ఖాళీ సీసా మిషన్‌లో వేస్తే చీటీ ఇస్తారు. తొమ్మిది సీసాలు దాచి 2.25 యూరోల చీటీ పట్టుకుని ఉర్లగడ్డలు కొన్న సాయంత్రం నాకింకా గుర్తే. ఇంతా చేస్తే నా పేరు మీద లక్షల రూపాయలు బ్లాక్డ్ అకౌంటులోనే ఉన్నాయి.

అందుకే మీవాడికి ఫారెక్స్ కార్డులో 1,500 యూరోలు, చేతిలో 300 నగదు విడిగా ఇచ్చి పంపండి. యూరో 100 రూపాయలు దాటింది, భారమే, నాకు తెలుసు. కానీ బయట గది తీసుకుంటే అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అక్కడి చట్టమే ఇచ్చింది. నాకది తెలిసేసరికి ఆలస్యమైంది, మీవాడికి ముందే చెప్పండి. గది చూడకుండా ఇక్కడినుంచే ఎవరికీ డబ్బు వేయొద్దు.

నెల ఖర్చులో తగ్గించలేనివి అద్దె, ఆరోగ్య బీమా. నా రోజుల్లో బీమా 110 దాకా ఉండేది, ఇప్పుడు 140 పైచిలుకు. టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము వస్తుంది, ఒకే ఇంట్లో ముగ్గురుంటే పంచుకోవచ్చు. తిండికి నాకు 160 అయ్యేది, ఇంట్లో వండుకుని మధ్యాహ్నం యూనివర్సిటీ క్యాంటీన్‌లో తింటే. సెమిస్టర్ ఫీజు ఏడాదికి రెండుసార్లు వస్తుంది కాబట్టి ప్రతి నెలా 50 పక్కన పెట్టమనండి.

పార్ట్‌టైమ్ విషయంలో మీ ఆయనకు నిజం చెప్పాలి. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది గానీ పని దొరకాలి కదా. చిన్న ఊర్లో జర్మన్ రాకపోతే గోడౌన్‌లో పెట్టెలు మోసే పనే దిక్కు. నేను మొదటి సెమిస్టర్‌లో రాత్రి షిఫ్టుకు వెళ్లి రెండు పరీక్షలు పోగొట్టుకున్నాను, చదువు ఆరు నెలలు సాగింది. ఆ ఆరు నెలల ఖర్చు నేను సంపాదించినదానికంటే ఎక్కువ. మొదటి సెమిస్టర్‌లో పని లేదనుకునే లెక్క వేయండి. ఇప్పటినుంచి అక్టోబరు దాకా జర్మన్ నేర్చుకోమనండి, అది చేతికి వచ్చే డబ్బే.

రెండో ఏడు పైసా అక్కర్లేదన్న మాట నమ్మొద్దు. వీసా పొడిగించేటప్పుడు ఖర్చులకు డబ్బుందని మళ్లీ చూపించాలి. బ్యాంకులో రెండేళ్లకూ ఇప్పుడే లోను మంజూరు చేయించుకుని, రెండో ఏటి మొత్తం అవసరం వచ్చినప్పుడే విడుదల చేయమనండి. తీసుకోని డబ్బుకు వడ్డీ పడదు. వాడు సంపాదిస్తే ఆ మొత్తం తీసుకోవాల్సిన అవసరమే రాకపోవచ్చు.

సూట్‌కేసులో రాగిపిండి పెట్టండి, సంగటి మీద మనసు పోతుంది. నెయ్యి మాత్రం పెట్టొద్దు. యూరప్ బయటినుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఆ చోట్లో చెనక్కాయల పొడి ఇంకో కిలో సర్దండి.