సెయిలింగ్ నేర్చుకుంటానంటోంది: ఈత నుంచి ఉద్యోగం దాకా

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఏడో తరగతి. బరువు 40 కిలోలు. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు చూసినప్పటి నుంచి సెయిలింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఈత అంతంతమాత్రం. ఎలా మొదలుపెట్టాలి? ప్రమాదం ఎంత? రేపు మర్చంట్ నేవీకో, ఇండియన్ నేవీకో వెళ్లడానికి పనికొస్తుందా? - ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ‘అంతంతమాత్రం’ ఈత సంగతి తేల్చండి. పోటీల్లో ఈదేంత అక్కర్లేదు. ఒంటిమీద మామూలు బట్టలతో 50 మీటర్లు ఆగకుండా ఈదాలి. లైఫ్ జాకెట్ వేసుకుని పది నిమిషాలు కంగారుపడకుండా తేలుతూ ఉండాలి. ఈత రాకుండా పంపితే మునిగిపోతుందని కాదు, జాకెట్ ఉంటుంది కదా. అసలు చిక్కు వేరు. నీళ్లంటే భయమున్న పిల్ల, పడవ ఒక పక్కకు ఒరిగిన ప్రతిసారీ చేతిలో తాడును ఇంకా గట్టిగా బిగించి పట్టుకుంటుంది. సెయిలింగ్‌లో చేయకూడని పని సరిగ్గా అదే. ఎందుకో కిందకి వచ్చేసరికి తెలుస్తుంది.

ఆ వయసుకు, ఆ బరువుకు సరిపోయే పడవ ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం రూపొందించిన నమూనా ఇది. పొడవు 2.3 మీటర్లు, ఖాళీ పడవ 35 కిలోలు, తెరచాప సుమారు 3.3 చదరపు మీటర్లు. చూడ్డానికి మొండి ముక్కు తొట్టిలా ఉంటుంది గానీ ప్రపంచంలో చాలామంది పెద్ద సెయిలర్లు అందులో కూర్చుని నేర్చుకున్నవాళ్లే. 15 ఏళ్లు నిండే సంవత్సరం దాకా ఇందులో పోటీపడొచ్చు. తర్వాత ఇల్కా, అంటే నిన్నమొన్నటి దాకా లేజర్ అన్న పడవ. దాని సుఖం ఏమిటంటే 4.2 మీటర్ల పడవ అదే ఉంటుంది, పిల్ల ఎదిగేకొద్దీ తెరచాప నిలబెట్టే కొయ్యలో కింది ముక్క, తెరచాప మారుస్తారు: ఇల్కా 4కు 4.7 చదరపు మీటర్లు, ఇల్కా 6కు సుమారు 5.8, ఇల్కా 7కు సుమారు 7. కాబట్టి ఇప్పుడే పడవ కొనిపెట్టాలన్న ఉత్సాహం ఆపుకోండి. మొదటి రెండేళ్లూ క్లబ్బు పడవే చాలు.

మొదటి రోజు పడవ నీళ్లలోకి దిగకముందు అరగంట ఒడ్డు మీద గడవాలి. ఆప్టిమిస్ట్‌లో మూడు గాలి సంచులుంటాయి. వాటిని గట్టిగా ఊది, పట్టీలు బిగించారో లేదో చూడాలి, ఎందుకంటే బోల్తా పడ్డప్పుడు పడవను తేల్చేవి అవే. తెరచాప నిలబెట్టే కొయ్యను దాని గూటిలో పెట్టాక తాడుతోనో క్లిప్పుతోనో కట్టెయ్యాలి. కట్టకపోతే పడవ తిరగబడగానే కొయ్య ఊడి వస్తుంది, ఒక్కోసారి గూడు చుట్టూ పడవ పగులుతుంది. చుక్కాని మీది క్లిప్పు ‘టక్’మని పడాలి. నీళ్లు తోడే డబ్బాను పడవకు కట్టి ఉంచాలి, కట్టని డబ్బా అవసరానికి దొరకదు. పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక ఒకటుంటుంది, డాగర్‌బోర్డ్ అంటారు. అది లేకపోతే గాలికి పడవ ముందుకు పోకుండా పక్కకు జారుతుంది. ఒడ్డున లోతు చాలదు కాబట్టి కొంచెం లోపలికి వెళ్లాకే దాన్ని పూర్తిగా దించాలి.

ఇక అసలు విద్య. తెరచాపను లాగే తాడును షీటు అంటారు. కొత్తవాళ్లు షీటంటే తెరచాప గుడ్డేనని పొరబడతారు, మొదటి వారం సగం గందరగోళం ఇక్కడే. గాలి వచ్చే వైపు అంచు మీద, తెరచాపకు ఎదురుగా కూర్చోవాలి. వెనక చేతిలో చుక్కాని పిడి, ముందు చేతిలో షీటు. పిడిని ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది. సైకిల్ అలవాటున్న పిల్లలకు ఇది మెదడులో కుదురుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

పడవకు బ్రేకు లేదు, షీటు వదలడమే బ్రేకు. వదిలితే తెరచాప జెండాలా కొట్టుకుంటుంది, గాలి బలం పోతుంది, పడవ నిటారుగా నిలబడి నెమ్మదిస్తుంది. గాలి విసురు వచ్చి పడవ ఒరిగినప్పుడు పిల్ల షీటు బిగిస్తే తెరచాపకు ఇంకా గాలి పట్టి పడవ బోల్తా పడుతుంది. చేతికి తాడు చుట్టుకోవడం, ఎక్కడో కట్టేసి ఊరుకోవడం అందుకే నిషిద్ధం. భయమేస్తే వదలాలి! నిజానికి మొదటి వారం నేర్చుకునేది ఇదొక్కటే. తెరచాప ఎంత లాగాలన్నదానికీ ఇదే కొలత: కొట్టుకునేదాకా వదిలి, కొట్టుకోవడం ఆగేదాకా లాగి, అక్కడ ఆపాలి.

ఎదురుగాలిలోకి నేరుగా ఏ తెరచాప పడవా పోదు. గాలి వచ్చే దిక్కుకు అటు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీలు నడవని ప్రాంతం. ఆ వైపు వెళ్లాలంటే మెలికలు తిరుగుతూ వెళ్లాలి. ప్రతి మలుపునూ టాక్ అంటారు: పిడిని తెరచాప వైపు తోసి, తల వంచి, అవతలి అంచుకు మారి, చేతులు మార్చుకోవాలి. వేగం లేకుండా తిప్పితే పడవ గాలికి ముఖం పెట్టి మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు పిల్లలు పిడిని అటూ ఇటూ ఊపుతుంటారు, లాభం ఉండదు. బూమ్‌ను, అంటే తెరచాప అడుగున అడ్డంగా ఉండే కొయ్యను, ఒక పక్కకు తోసి పట్టుకుని, పిడినీ అదే పక్కకు తొయ్యాలి. పడవ వెనక్కి జారుతూ పక్కకు తిరుగుతుంది. తిరిగాక రెండింటినీ తన వైపు లాగితే మళ్లీ ముందుకు నడుస్తుంది.

దెబ్బలు తగిలేది ఎదురుగాలిలో కాదు, వెనకగాలిలో. గాలి వీపు మీద ఉన్నప్పుడు అంతా ప్రశాంతంగా అనిపిస్తుంది. చుక్కాని కాస్త తప్పినా గాలి తెరచాప వెనక నుంచి దూరి బూమ్‌ను ఒక్క విసురున అవతలికి తిప్పుతుంది, దారిలో తల ఉంటే తలకు తగులుతుంది. అందుకే కొత్తవాళ్లను సూటిగా వెనకగాలిలో నడవనివ్వకూడదు. కొంచెం ఏటవాలుగా నడిపించాలి. జుట్టు గట్టిగా ముడి వెయ్యాలి, పొడవాటి జడ కప్పీలో చిక్కుకుంటుంది. జీన్స్ వద్దు, తడిస్తే బరువు.

బోల్తా అనేది ప్రమాదం కాదు, పాఠ్యాంశం. ఆ సాధన మొదటి వారంలోనే, గురువు పక్కనుండగా జరగాలి. పడగానే పడవను వదిలి ఒడ్డుకు ఈదకూడదు. తేలే పడవ దూరానికి కనిపిస్తుంది, తేలే తల కనిపించదు. షీటు పూర్తిగా వదిలారో లేదో చూసుకుని, అడుగు వైపుకు ఈది, డాగర్‌బోర్డ్ పట్టుకుని వేలాడాలి. చాలకపోతే దాని మీదకెక్కి పడవ అంచు పట్టుకుని వెనక్కి వాలాలి. డాగర్‌బోర్డ్‌కు చివరన బరువు వెయ్యకూడదు, పడవకు ఆనుకున్న మొదలు దగ్గర వెయ్యాలి, లేకపోతే విరుగుతుంది. లేచిన ఆప్టిమిస్ట్ నిండా నీళ్లే, డబ్బాతో తోడాలి. హుస్సేన్‌సాగర్‌కు ఒక ప్రత్యేకమైన తంటా ఉంది: లోతు తక్కువ, అడుగున బురద. పడవ పూర్తిగా తలకిందులైతే కొయ్య కొన బురదలో దిగబడుతుంది. బలం పెట్టి పీకితే వంగుతుంది, రక్షణ పడవ వచ్చేదాకా ఆగాలి. ఇంటికొచ్చాక సబ్బుతో స్నానం, చెవులు శుభ్రం తప్పనిసరి. ఒంటిమీద పచ్చి గాయముంటే ఆ రోజు మానేయండి.

కొత్తవాళ్లకు 5 నుంచి 10 నాట్ల గాలి మంచిది, అంటే గంటకు 9 నుంచి 18 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు బలంగా వీస్తాయి. పోటీలకు అది సరదా, మొదటి పాఠాలకు కాస్త ఎక్కువ. చలికాలం చివర్లోనో వేసవి ఉదయాల్లోనో మొదలుపెట్టించండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో నల్ల మబ్బు కనిపించిందంటే ఇంకో రౌండు అని బేరాలాడకుండా ఒడ్డుకు రావాల్సిందే. చుట్టూ నీళ్లు, మధ్యలో నిలువెత్తు లోహపు కొయ్య, పిడుగుకు అంతకంటే ఏం కావాలి?

నగరంలో క్లబ్బులు ఉన్నాయి. ఎక్కడ చేర్పించినా ఫీజు అడిగే ముందు మూడు అడగండి: పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఇంజిన్ పడవ నీళ్లలోనే ఉంటుందా, బోల్తా సాధన ఎన్నో రోజున, జాకెట్ ఆమె సైజుదేనా. జాకెట్ తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవులదాకా వస్తే అది ఆమెది కాదు.

ఇప్పుడు కెరీర్. మర్చంట్ నేవీకి సెయిలింగ్ సర్టిఫికెట్‌తో ఒక్క మార్కూ కలవదు. డెక్ కోర్సులకు, అంటే ఓడ నడిపే వైపు చదువులకు, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్ రాయాలి, ఇంటర్‌లో ఎంపీసీ సబ్జెక్టుల్లో 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం కావాలి. అన్నిటికంటే ముందు కళ్లు: రంగులు పోల్చలేని లోపం ఉంటే డెక్ వైపు దారి మూసుకుపోయినట్టే. ఈ పరీక్ష ఇంటర్ అయ్యాక కాదు, ఈ నెలలోనే చేయించండి.

నేవీ సంగతి వేరు. ఎనిమిదో తరగతిలో ఎన్‌సీసీ నేవల్ వింగ్ ఉన్న స్కూలు దొరికితే అది మంచి దారి, అందులో ఇద్దరు నడిపే ఎంటర్‌ప్రైజ్ పడవల మీద సెయిలింగ్ ఉంటుంది. సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) ఇప్పుడు అమ్మాయిలకూ తెరిచే ఉంది. 2017–18లో నేవీ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ప్రపంచాన్ని చుట్టొచ్చిన ఆరుగురు మహిళా అధికారుల్లో పి. స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాద్. ఆటగా చూస్తే, నేహా ఠాకుర్ 17 ఏళ్లకు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇల్కా 4లో రజతం గెలిచింది, నేత్రా కుమనన్ రెండు ఒలింపిక్స్ ఆడింది. కానీ ఆ స్థాయికి వారానికి రెండు రోజుల సాధన చాలదు. చదువు మాన్పించే నిర్ణయం అసలే వద్దు. రెండు సీజన్లు గడిచి, జాతీయ పోటీల్లో ఎక్కడ నిలిచిందో చూశాక మళ్లీ మాట్లాడుకోవచ్చు. కోచింగ్, నీటి క్రీడల కేంద్రాల నిర్వహణ వంటి ఉద్యోగాలున్నాయి, సంఖ్యలో తక్కువ. గోవాలోని జాతీయ జల క్రీడల సంస్థ ప్రాణరక్షణ, పవర్‌బోట్ కోర్సులు నడుపుతుంది, పద్దెనిమిది దాటాక అవి పనికొస్తాయి.

ఈత నేర్చుకునే ఈ రోజుల్లో ఆమె చేతికి 6 మిల్లీమీటర్ల తాడు రెండు మీటర్లు కొనివ్వండి. ఎనిమిది అంకె ముడి ముందు రావాలి, షీటు చివర కప్పీలోంచి జారిపోకుండా ఆపేది అదే. తర్వాత బోలైన్ ముడి: ఎంత లాగినా బిగుసుకుపోదు, విప్పాలంటే తేలిగ్గా వస్తుంది. కుర్చీ కాలికి కట్టించండి, తర్వాత కళ్లు మూసుకుని కట్టమనండి, ఆ తర్వాత తడి చేతులతో.