కనుమ నాడు పశువులు చుట్టూ తిరిగే రాయి

తిరుపతి చుట్టుపక్కల చెట్ల మధ్య ప్రశాంతంగా ఉండే సైనిక స్మారక వనం ఉందా, వెళ్లినవాళ్లు చెప్పండి అని అడిగారు. పచ్చిక, బెంచీలు, ఫౌంటెన్ కావాలంటే నా జవాబు మీకు పనికిరాదు. నేను చూసిన స్మారకం పలమనేరు దాటాక ఒక పల్లె చివర, అడవి అంచున, చింతచెట్టు కింద నిలబడిన ఒకే ఒక్క రాయి. వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా పాతకాలంలో నిలిపిన రాయి.

మా నాన్న మద్రాస్ రెజిమెంటులో హవల్దారుగా చేశారు. 1987లో శ్రీలంకకు వెళ్లిన శాంతిసేనలో ఉన్నారు. ఆ రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదు. ఒక కనుమకు మేనత్త ఊరికి వెళ్లినప్పుడు ఆయనను అటు నడిపించుకుపోయాను. పక్కనే కౌండిన్య అభయారణ్యం, ఏనుగులు తిరిగే చోటు. చిట్లకుప్ప, అదే కనుమ సాయంత్రం వేసే మంట, వెలిగించే వేళకు ఇంట్లో ఉండాలని అత్త మరీ మరీ చెప్పి పంపింది.

రాయి నా నడుమెత్తు ఉంది. కుడిచేత కత్తి, ఎడమచేత విల్లుతో ముందుకు ఉరుకుతున్న మనిషి, కాళ్ల దగ్గర రెండు ఆవులు. పైన నాలుగు వరుసల పాత అక్షరాలు. ఏళ్ల తరబడి పూసిన పసుపు, నూనె పేరుకుని అవి సగం పూడిపోయాయి. నాన్న చెప్పులు విడిచి, సీసాలోని నీళ్లు ఒంపి, భుజం మీది తువ్వాలుతో మెల్లగా తుడిచారు. ఒక అక్షరం తేలగానే అందులో చూపుడువేలు పెట్టి, పలక మీద దిద్దినట్టు చివరిదాకా దిద్దారు. మేకలు తోలుకెళుతున్న పెద్దాయన ఒకరు ఆగి, "దొంగలు ఆవులను తోలుకుపోతుంటే అడ్డం పడి చనిపోయాడట. అందుకే కనుమ నాడు ఊరి పశువులన్నీ ఈయన చుట్టూ తిరిగే ఇళ్లకు పోతాయి" అన్నాడు. రాయి చుట్టూ మట్టిలో గిట్టల గుర్తులు ఇంకా తాజాగానే ఉన్నాయి.

నాన్న నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు. తిరుగుదారిలో, తన సెక్షన్లో తిరిగిరాని ఇద్దరి పేర్లు మొదటిసారి నాకు చెప్పారు.

ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ఆ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అక్కడి త్యాగచక్రం అనే వలయంలో 25 వేలకు పైగా అమర సైనికుల పేర్లను రాతిపై చెక్కారు. బయటి వలయమైన రక్షకచక్రంలో గోడ లేదు, కాపలా సైనికుల్లా బారులు తీరిన చెట్లే ఉన్నాయి. గొప్ప ఆలోచన అది. కానీ పల్లెలో ఉన్న తల్లి ఢిల్లీ ఎప్పుడు వెళుతుంది? మనకు శేషాచలం ఉంది, కొత్తగా చెట్లు నాటే పని కూడా లేదు. కొండ కింద ఒక మూల రాళ్లు నిలిపి మన సైనికుల పేర్లు చెక్కితే చాలు. 2021 డిసెంబరు 8న జనరల్ బిపిన్ రావత్‌తో పాటు కూనూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లాన్స్ నాయక్ సాయితేజది అప్పటి మన చిత్తూరు జిల్లాలోని కురబలకోట మండలమే. ఆ పేరు ఎంతమంది పిల్లలకు గుర్తుంది?

కట్టినా ఎలా కడతారో అని నా భయం. ఒక ఊళ్లో స్తూపం చూశాను. ప్రారంభించిన నాయకుల పేర్లు జానెడు అక్షరాల్లో ఉన్నాయి, సైనికుల పేర్లు వెతుక్కోవాలి. పాతకాలంలోనూ శాసనాల్లో రాజు పేరే ముందు వచ్చేది, కాదనను. కానీ వీరగల్లు మీద బొమ్మ రాజుది కాదు, చనిపోయినవాడిది. మరో ఊళ్లో అలాంటి రాయినే పడగొట్టి బట్టలు ఉతుకుతున్నారు. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

మీరు వెళితే తువ్వాలు, నీళ్లు తీసుకెళ్లండి. సున్నం, రంగు పూయకండి, అక్షరాలు పోతాయి. నేను తీసిన ఫోటోలను శాసనాలు చదవగలిగిన ఒకరికి పంపాను. ఇప్పటికి మొదటి వరుస మాత్రమే తేలింది, అందులో ఉన్నది "స్వస్తిశ్రీ", శాసనాల మొదట్లో రాసే శుభం పలుకు. నాన్న ఫోను చేసినప్పుడల్లా ముందు అడిగేది అదే: "ఆయన పేరు తెలిసిందా?"