వాతావరణ మార్పుల మీద పనిచేసే కొత్త శాస్త్రవేత్తలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, క్లైమేట్ మోడలింగ్‌లో, అంటే కంప్యూటర్‌లో భూమి వాతావరణాన్ని లెక్కగట్టే పనిలో, పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. బయటవాళ్లు నేనేదో భూమిని కాపాడుతున్నట్టు మాట్లాడతారు. నేను చూస్తే పొద్దున్నుంచి రాత్రి దాకా కోడ్‌లో తప్పులు వెతుక్కుంటూ కూర్చుంటాను. వడగాలులకి జనం చచ్చిపోతుంటే ఈ పనికి అర్థం ఏముంది అనిపిస్తోంది. — ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ఆ తప్పులు వెతకడమే పనమ్మా. దాని వెనకాల ఇంకేదో గొప్ప పని దాక్కుని ఉందనుకోకండి.

ఈ రంగంలోకి వచ్చినవాళ్లలో చాలామందికి ఏదో ఒకరోజు ఫిబ్రవరి 30 ఎదురవుతుంది. నవ్వకండి, బ్రిటన్‌లో తయారైన యూకేఈఎస్‌ఎం లాంటి మోడల్లో నెలకి 30 రోజుల చొప్పున ఏడాదికి 360 రోజులే, ఇంకొన్ని మోడళ్లలో లీపు సంవత్సరమన్నదే ఉండదు, వీటన్నిటినీ మామూలు క్యాలెండర్ ప్రకారం కొలిచిన ఉష్ణోగ్రతల పక్కన పెట్టి పోల్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. వర్షపాతం చూస్తే చదరపు మీటరుకి సెకనుకి ఇన్ని కిలోలు అని ఉంటుంది, దాన్ని 86,400తో గుణిస్తే గానీ రోజుకి ఇన్ని మిల్లీమీటర్లని తేలదు. కొలత లేని చోట గుర్తుగా పెట్టిన -9999ని ఎవరూ చూసుకోకుండా సగటులో కలిపేస్తే మ్యాప్‌లో ఎడారి కూడా గడ్డకట్టుకుపోతుంది. అది మరీ ఘోరం కాబట్టి కంటికి కనిపిస్తుంది. అర డిగ్రీ తేడా తెచ్చే తప్పు కనిపించదు, ఈ రంగంలో అర డిగ్రీ అంటే మాటలా? దాన్ని పట్టుకునేది సాధారణంగా మీ వయసువాళ్లే, ప్రొఫెసర్లకి మీటింగులకే టైమ్ సరిపోదు.

వడగాలుల సంగతికొస్తాను. 2003లో యూరప్ వేసవి వేలమందిని బలి తీసుకుంది. అలాంటి వేసవి వచ్చే ముప్పు మనుషుల వల్ల కనీసం రెట్టింపై ఉంటుందని, ఆ మాట 90 శాతానికి పైగా నమ్మకంతో చెప్పొచ్చని 2004లో ఒక పేపర్ వచ్చింది. ఎలా చెప్పగలిగారు? మనం వదిలిన వాయువులతో ఒకసారి, అవి లేని ప్రపంచంలో ఒకసారి మోడల్‌ని నడిపి రెంటినీ పోల్చారు. ఇప్పుడు అదే రకం లెక్కని వడగాలి వచ్చిన కొద్ది రోజుల్లోనే తేల్చేస్తున్నారు. మీలాంటివాళ్లు శుభ్రం చేసిపెట్టిన డేటా చేతిలో ఉంది కాబట్టే అంత త్వరగా అవుతోంది.

ఇంకొకటి, పగలంతా ఆ అంకెలతో గడిపి రాత్రి పడుకునేముందు మళ్లీ ఫోన్‌లో విపత్తుల వీడియోలు చూడకండి. అవి చూడకపోతే మీ పనికేమీ లోటు రాదు, చూస్తే మాత్రం నిద్ర పట్టదు.

ప్రశ్న: పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, అదే పోస్ట్‌డాక్, నాకు రెండోది నడుస్తోంది, రెండేళ్ల కాంట్రాక్టు. మొదటి ఏడాది పని నేర్చుకోవడానికి, రెండో ఏడాది వేరే ఉద్యోగానికి అప్లై చేయడానికి సరిపోతోంది. వదిలేయమంటారా? — విసిగిపోయినవాడు

జవాబు: మీ విసుగులో న్యాయముంది. మనం చదివేది దశాబ్దాల పాటు సాగే మార్పుని, జీతమొచ్చేది రెండేళ్లకి. ఈ తిక్క ఏర్పాటు ఇవాళ పుట్టింది కూడా కాదు. చార్లెస్ కీలింగ్ 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టేనాటికి ఆయనకి ముప్ఫై ఇంకా నిండలేదు. అప్పటి అంకె సుమారు 313 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల అణువులకి 313. ఏటా మే దాకా పెరుగుతూ, మొక్కలు ఆకులేసి పీల్చుకునేకొద్దీ శరదృతువు దాకా తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ వచ్చే ఆ గీతని ఇవాళ స్కూలు పిల్లలు కూడా గుర్తుపడతారు. అలాంటి రికార్డుకి కూడా 1964లో డబ్బులు కోసేస్తే కొలతలు కొన్ని నెలలు ఆగిపోయాయి, ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది. పోయిన నెలని మళ్లీ కొలవలేం కదా. ఆ అంకె ఇప్పుడు 420 దాటేసింది.

కాబట్టి ఉద్యోగం నిలవకపోతే అది మీ తెలివితక్కువతనం అనుకోకండి, గ్రాంట్లు ఇచ్చేవాళ్ల హ్రస్వదృష్టి అది. కానీ వాళ్లు మారేదాకా మీరు ఎదురుచూడక్కర్లేదు. ఎంతకాలం ప్రయత్నిస్తారో మీకు మీరే ఒక గడువు పెట్టుకోండి, ఇంట్లోవాళ్లతో కూర్చుని పెట్టుకుంటే ఇంకా నయం. ఈసారి ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: కాంట్రాక్టు పొడిగించడానికి డబ్బు ఇప్పటికే చేతిలో ఉందా, లేక వస్తుందని ఆశా? నేను రాసిన కోడ్‌ని వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లొచ్చా? ఇంతకుముందు ఇదే సీట్లో ఉన్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఈ మూడోదానికి జవాబు నాన్చితే ఆ చోటు వద్దు.

వదిలేసినా పాపమేమీ కాదు. వాతావరణ శాఖలకి, బీమా కంపెనీలకి బీమా చేసే రీఇన్సూరెన్స్ సంస్థలకి, రేపు గాలిమరలు ఎంత కరెంటు ఇస్తాయో ముందే చెప్పాల్సినవాళ్లకి మీరు నేర్చిన పనే కావాలి. అక్కడికి వెళ్లినవాళ్లని ద్రోహుల్లా చూసే సీనియర్లు కొందరున్నారు, ఆ సీనియర్లకి మాత్రం పర్మినెంటు ఉద్యోగాలున్నాయి.

ప్రశ్న: "వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, ఇందులో మనుషుల పాత్రేంటి?" అని చుట్టాల్లో ఒకాయన కలిసిన ప్రతిసారీ వాదిస్తాడు. ఏం చెప్పాలి? — కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాడు

జవాబు: మారుతూనే ఉందన్న మాట నిజమేనని ముందు ఒప్పుకోండి, సగం వేడి అక్కడే దిగిపోతుంది. తర్వాత రెండే రెండు ముక్కలు చెప్పండి. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగల్లో ఎనిమిది లక్షల ఏళ్ల లెక్క ఉంది, అన్నేళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ ఇంచుమించు 300 పీపీఎం దాటలేదు, ఇప్పుడు 420 దాటేసింది. పెరిగింది మనం తగలబెట్టిన బొగ్గు, చమురు వల్లేనని ఎలా తెలుసంటే, కోట్ల ఏళ్లు నేలలో పడున్న వాటిలో కార్బన్-14 (కాలం గడిచేకొద్దీ తనంతట తానే తరిగిపోయే ఒక రకం కార్బన్) మిగలదు, అది లేని కార్బన్ గాలిలో కలిసిన కొద్దీ గాలిలో కార్బన్-14 వాటా పలచబడటాన్ని 1950లలోనే కొలిచారు. ఇది విన్నాక కూడా వాదిస్తే ఆయనకి కావాల్సింది కబుర్లు. టెన్షన్ పడకుండా మాట మార్చేయండి.

ప్రశ్న: వాతావరణ మార్పుల శాస్త్రాన్ని సమీక్షించే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ నివేదికల్లో పనిచేయాలంటే పేరున్న ప్రొఫెసర్ అయ్యేదాకా ఆగాలా? — పోస్ట్‌డాక్ వెతుకులాటలో ఉన్నామె

జవాబు: రచయితలుగా అయితే చాలావరకు సీనియర్లే ఉంటారు, వాళ్లకీ ఐపీసీసీ జీతమేమీ ఇవ్వదు. ఒక్కో అధ్యాయానికి చాప్టర్ సైంటిస్టులని సాయానికి పెట్టుకుంటారు, ఆ పని ఎక్కువగా కొత్తవాళ్లకే వస్తుంది. రెఫరెన్సులు సరిచూడటం, బొమ్మలు తయారుచేయడం లాంటి చాకిరీ ఎక్కువ, కానీ పెద్దవాళ్లు ఒక్క వాక్యం కోసం ఎంతసేపు కొట్టుకుంటారో దగ్గరుండి చూడొచ్చు.

అంతకన్నా సులువైన దారి రివ్యూ. ముసాయిదా బయటికొచ్చినప్పుడు, ఆ విషయంలో మీకు పరిజ్ఞానముందని మీరే చెప్పుకుని నమోదు చేసుకోవచ్చు, సిఫారసులు అక్కర్లేదు. 2021లో వచ్చిన భౌతికశాస్త్ర నివేదిక రాసింది 234 మంది, దానికొచ్చిన కామెంట్లు 78,000కి పైనే, ప్రతిదానికీ రచయితలు జవాబు రాసి తీరాలి. 2019 నాటి సముద్రాలు-మంచు నివేదిక ముసాయిదాను ఏపీఈసీఎస్ లాంటి యువ శాస్త్రవేత్తల సంఘాలు గుంపుగా పంచుకుని చదివి కామెంట్లు పంపాయి. ఒంటరిగా భయమేస్తే మీరూ అలా చేరండి.

అధ్యాయమంతా మీదేసుకోకండి. మీ థీసిస్‌కి దగ్గరగా ఉన్న ఒక్క సెక్షన్ తీసుకోండి, పేజీ నంబరు, లైను నంబరు వేసి, ఏ మాట సరిగా లేదో, దాని బదులు ఏం రాయాలో, అందుకు ఆధారం ఏ పేపరో రాయండి. "ఈ పేరా బాగాలేదు" అని రాస్తే రచయితలు ఒక్క ముక్కలో సరే అని రాసి దాటేస్తారు.