డాక్టర్ చీటీ ఉంటే షూటర్‌పై డోపింగ్ కేసు రాదా?

ప్రశ్న: నేను అంతర్జాతీయ పోటీల్లో పాల్గొనే స్కీట్ షూటర్‌ని. మైగ్రేన్‌కి డాక్టర్ ప్రొప్రనాలోల్ రాస్తే కొన్ని వారాలుగా వేసుకుంటున్నాను. అది నిషేధిత మందని కోచ్ ఇప్పుడు చెప్పారు. ప్రపంచకప్‌కి ఇంకా రెండు నెలలుంది. వారం ముందు ఆపేస్తే సరిపోతుందా? ప్రిస్క్రిప్షన్ ఉంది కాబట్టి కేసు నిలవదు కదా?

జవాబు: సరిపోదు. ప్రిస్క్రిప్షన్ ఒక్కటే మిమ్మల్ని కాపాడదు కూడా.

ప్రొప్రనాలోల్ బీటా బ్లాకర్. గుండె వేగాన్ని, చేతి వణుకును తగ్గిస్తుంది. గురి ఆటల్లో అది నేరుగా లాభం. అందుకే కొన్ని ఆటల్లో పోటీ సమయంలోనే ఉన్న ఈ నిషేధం షూటింగ్, విలువిద్యల్లో పోటీ లేని రోజులకూ వర్తిస్తుంది. రేపు మీ ఇంటికొచ్చి శాంపిల్ తీసుకున్నా చిక్కే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా పిస్టల్ షూటర్ కిమ్ జోంగ్ సు ఇదే మందు వల్ల వెండి, కాంస్య పతకాలు రెండూ పోగొట్టుకున్నారు.

అలాగని ఈ రాత్రే మాత్రలు మానేయకండి. ఈ మందు ఒక్కసారిగా ఆపితే గుండెకు ప్రమాదం. డాక్టర్‌కి మీరు షూటర్ అని స్పష్టంగా చెప్పి, నిషేధం లేని మందుకి ఎలా మారాలో అడగండి. మారేదాకా పోటీలకు దూరంగా ఉండండి. కెరీర్‌లో ఒక ప్రపంచకప్ పోతే మళ్లీ వస్తుంది.

ఇక చట్టం సంగతి. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) కోడ్‌లో శరీరంలోకి వెళ్లినదానికి బాధ్యత క్రీడాకారుడిదే. ఉద్దేశం లేదన్నది శిక్ష తగ్గించుకోవడానికి పనికొస్తుంది, తప్పును తుడిచేయదు. సొంత డాక్టర్ చెప్పకుండా ఇచ్చారన్నా 'నా తప్పేమీ లేదు' అన్న వాదన నెగ్గదు. బీటా బ్లాకర్లు 'స్పెసిఫైడ్' పదార్థాలు, అంటే డోపింగ్ కాని కారణంతో ఒంట్లోకి వెళ్లే అవకాశం ఎక్కువున్నవి. కాబట్టి కావాలనే వాడారని రుజువు కాకపోతే ఆడకుండా నిషేధం మామూలుగా రెండేళ్లు. తప్పు తీవ్రమైనది కాదని మీరు చూపగలిగితే మందలింపు దాకా తగ్గవచ్చు. అక్కడే మీ కాగితాలు విలువైనవి: ప్రిస్క్రిప్షన్, కేస్ షీటు, మందుల బిల్లులు, డాక్టర్‌ని ఏమడిగారో తెలిపే మెసేజ్‌లు. ఒక్కటీ చెరిపేయకండి. సాక్ష్యం దాచడం, టెస్టు తప్పించుకోవడం వేరే నేరాలు, శిక్ష నాలుగేళ్ల దాకా ఉంటుంది. టెస్టు ఫారంలో గత ఏడు రోజుల మందులు అడుగుతారు, అక్కడ నిజమే రాయండి.

టీయూఈ అనే వైద్య మినహాయింపు ఉంది. అంతర్జాతీయ స్థాయి వాళ్లు తమ ఆట అంతర్జాతీయ సమాఖ్యకు దరఖాస్తు చేయాలి. అయితే వేరే మందు లేదని, ఆటలో అదనపు లాభం రాదని చూపాలి. మైగ్రేన్‌కి వేరే మందులు చాలానే ఉన్నాయి, పైగా ఆట షూటింగ్. మినహాయింపు దొరకడం కష్టమనే నా అభిప్రాయం. వెనకటి తేదీల నుంచి మినహాయింపు అరుదైన పరిస్థితుల్లోనే ఇస్తారు. దరఖాస్తులో మీరు రాసే తేదీలు వాడినట్టు మీరే ఒప్పుకోవడం అవుతాయి. కాబట్టి పంపేముందు క్రీడా చట్టం తెలిసిన లాయర్‌తో చదివించండి. దాచడానికి కాదు, నిజాన్ని సరిగ్గా రాయడానికి.

ఒకవేళ పాజిటివ్ నోటీసు వస్తే గడువు తేదీలు వెంటనే రాసిపెట్టుకోండి. బి శాంపిల్ (మీ శాంపిల్‌లో విడిగా దాచిన రెండో భాగం) పరీక్ష కోరడం మీ హక్కు. తీర్పు అన్యాయమనిపిస్తే స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుకు అప్పీలు చేయొచ్చు, గడువు సాధారణంగా 21 రోజులు. మరో జాగ్రత్త: మీ ఇంట్లో గ్లాకోమా (కంటి జబ్బు) చుక్కలు వాడేవాళ్లుంటే వాళ్ల సీసా మీరు ముట్టుకోవద్దు. ఆ చుక్కల్లో ఉండే టిమోలోల్ కూడా బీటా బ్లాకరే, ఇదే నిషేధిత జాబితాలో ఉంది, కంట్లో వేసుకున్నా లెక్కే.