కుడివైపు తర్వాత చూడు

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో అవకలన సమీకరణాల గురించి నువ్వు పడ్డ టెన్షన్ నాకు కొత్త కాదు. బీఎస్సీ పిల్లలకు పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఇదే మాట విన్నాను: "పద్ధతులన్నీ వచ్చు సార్, ఏ లెక్కకు ఏది వాడాలో తెలియట్లేదు." సెకండ్ ఆర్డర్ సమీకరణం కనబడగానే అందరి కళ్ళూ కుడివైపుకే పోతాయి. సైన్ ఉందా, ఎక్స్ స్క్వేర్ ఉందా అని వెతుకుతారు. నువ్వు ముందు ఎడమవైపు చూడు. గుణకాలు స్థిరసంఖ్యలైతే సహాయక సమీకరణం (వై డబుల్ డాష్, అంటే రెండో అవకలజం, బదులు ఎం స్క్వేర్, వై డాష్ బదులు ఎం, వై బదులు 1 పెట్టి సున్నాకు సమానం చేసింది) రాసి, మూలాలు కనుక్కుని, సీఎఫ్ (కాంప్లిమెంటరీ ఫంక్షన్, కుడివైపు సున్నా అనుకుంటే వచ్చే సాధన) పూర్తిగా రాసెయ్. గణితజ్ఞుడు ఆయిలర్ 1743లో ప్రచురించిన దారే ఇది. సీఎఫ్ కాగితం మీదికి వచ్చేదాకా కుడివైపు జోలికి పోకు.

ఎందుకంటున్నానో ఈ లెక్కలో చూడు: వై డబుల్ డాష్ మైనస్ 5 వై డాష్ ప్లస్ 6 వై = ఈ పవర్ 2ఎక్స్. మూలాలు 2, 3. అంటే ఈ పవర్ 2ఎక్స్ సీఎఫ్‌లో అప్పటికే ఉంది. సీఎఫ్ రాయకుండా పీఐకి (పర్టిక్యులర్ ఇంటిగ్రల్, అసలు కుడివైపుకు సరిపోయే ఒక సాధన) పరిగెత్తినవాళ్ళు దాన్నే ఒక స్థిరాంకంతో గుణించి ప్రతిక్షేపిస్తారు. ఎడమవైపంతా సున్నా అయిపోతుంది, పెన్ను ఆగిపోతుంది. ఎక్స్‌తో గుణించమని గైడ్లు చెబుతాయి. నిజమే, పీఐ మైనస్ ఎక్స్ ఇంటూ ఈ పవర్ 2ఎక్స్. కానీ ఆ ఎక్స్ ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోలేవు.

కుడివైపు 2కు బదులు దానికి బాగా దగ్గరగా ఉన్న 'కె' ఉందనుకో. పీఐ: ఈ పవర్ కెఎక్స్ బై (కె − 2)(కె − 3). ఇందులోంచి ఈ పవర్ 2ఎక్స్‌ను అదే హారంతో భాగించి తీసెయ్. అది సీఎఫ్‌లో ముక్కే కాబట్టి సాధన చెడదు. ఇప్పుడు కెను 2 దగ్గరికి జరుపు. లవంలో మిగిలిన తేడాను కె − 2తో భాగిస్తే వచ్చే లిమిట్, ఎక్స్ ఇంటూ ఈ పవర్ 2ఎక్స్. కె − 3 ఏమో మైనస్ 1 అవుతుంది. చూశావా, ఇంటర్లో చదివిన అవకలజం నిర్వచనమే ఇక్కడ పనిచేసింది!

అట్లతద్దికి ఉయ్యాలను దాని లయకు సరిగ్గా తోస్తే ఊపు పెరుగుతూ పోతుంది కదా. కుడివైపున్నది సీఎఫ్‌లోనే ఉంటే ఇక్కడా అంతే. వై డబుల్ డాష్ ప్లస్ 4 వై = సైన్ 2ఎక్స్‌కు పీఐ, మైనస్ ఎక్స్ కాస్ 2ఎక్స్ బై 4. పెరిగే ఆ ఊపే కాస్ ముందున్న ఎక్స్.

కుడివైపు టాన్, సెక్ లాంటివి ఉంటే ఊహించి రాసే పద్ధతి పనికిరాదు, వేరియేషన్ ఆఫ్ పారామీటర్స్ (సీఎఫ్‌లోని స్థిరాంకాల బదులు ఎక్స్ ప్రమేయాలు పెట్టి చేసే పద్ధతి) పట్టుకో. అయితే ముందు వై డబుల్ డాష్ గుణకాన్ని 1 చేసుకో. నేను దిద్దిన పేపర్లలో ఎక్కువ మార్కులు పోయింది ఇక్కడే. గుణకాలు ఎక్స్ స్క్వేర్, ఎక్స్ అని వరసగా ఉంటే ఎక్స్ = ఈ పవర్ జెడ్ అనుకో. డీ అంటే ఎక్స్ పరంగా, తీటా అంటే జెడ్ పరంగా అవకలనం. అప్పుడు ఎక్స్ స్క్వేర్ డీ స్క్వేర్ అనేది తీటా ఇంటూ (తీటా − 1) అవుతుంది, తీటా స్క్వేర్ కాదు.

జవాబు వచ్చాక సమీకరణంలో పెట్టి చూడు. రెండు నిమిషాల పని, బద్ధకించకు.

రేపు వై డబుల్ డాష్ ప్లస్ వై = సెక్ ఎక్స్ చేసి ఫొటో పంపు. పీఐ ఎక్స్ సైన్ ఎక్స్ ప్లస్ కాస్ ఎక్స్ లాగ్ కాస్ ఎక్స్ రావాలి. రాకపోతే ఫోన్ చెయ్యి తల్లీ, పదింటి దాకా మెలకువగానే ఉంటాను.

మీ తాతయ్య