ప్రార్థన గోడకు చెప్పుకున్నట్టున్న రోజుల్లో నేను విశ్వాసంలో ఎలా నిలబడ్డాను

వందనాలు బ్రదర్. బాప్తిస్మం తీసుకుని ఆరేళ్ళయిందని, మొదట్లో ఉన్న ఆసక్తి చల్లారిపోయిందని, ప్రార్థన చేస్తుంటే గోడకు చెప్పుకున్నట్టుందని రాశారు. లోపల ఏమీ లేకుండా ఆదివారం వెళ్ళి పాటలు పాడటం వేషధారణ కాదా, మనసు కుదుటపడేదాకా మానేస్తే నయం కదా అని అడిగారు. మానకండి. నేను మానేద్దామనుకుని అంచుదాకా వెళ్ళినవాణ్ణి, అందుకే ముందే చెబుతున్నాను.

నేను బాప్తిస్మం తీసుకుని 24 ఏళ్ళు. బాప్తిస్మం తీసుకున్న తొమ్మిదో ఏట మా అన్నయ్య జబ్బుపడ్డాడు. పదకొండు నెలలు ఇంటిల్లిపాదీ ప్రార్థించాం, ఉపవాసాలున్నాం. దక్కలేదు. దేవుడు లేడని నాకెప్పుడూ అనిపించలేదు. ఉన్నాడు, విన్నాడు, అయినా ఊరుకున్నాడు అనిపించింది. లేడనుకోవడం కన్నా అదే ఎక్కువ బరువు. తర్వాత దాదాపు మూడేళ్ళు బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడేవి, అంతే.

అప్పట్లో సంఘంలో తలుపు పక్కన చివరి వరుసలో కూర్చునేవాణ్ణి, ఆశీర్వాదం కాగానే ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోవచ్చని. ఒక ఆదివారం ఒక పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పాటల పుస్తకం తెరిచి ఇద్దరి మధ్యా పట్టుకుని, తను పాడుతున్న ప్రతి పంక్తి కిందా వేలు జరుపుకుంటూ వచ్చాడు, నేనెక్కడ ఎత్తుకున్నా తప్పిపోకుండా. నాకు నోరు పెగల్లేదు. ఆయనేమీ అనలేదు, వేలు మాత్రం ఆపలేదు. ఆరాధన అయ్యాక, "ప్రార్థన చేసుకుంటున్నావా బాబూ?" అన్నాడు. లేదండి అన్నాను. రెండేళ్ళలో నేను ఎవరితోనైనా నిజం చెప్పడం అదే మొదటిసారి. "సరే, నీ బదులు నేను చేస్తాలే. నువ్వు మాత్రం వచ్చి ఇక్కడ కూర్చో" అన్నాడు. వాక్యం చెప్పలేదు, మందలించలేదు.

మీరు వేషధారణ అన్నారు కదా, అది నా విషయంలో ఎక్కడుందో ఆ రోజే తెలిసింది. ఎండిపోయిన మనసుతో వెళ్ళి కూర్చోవడంలో లేదు. ఎవరైనా "ఎలా ఉన్నారు బ్రదర్?" అంటే "దేవుని కృపలో బాగున్నానండి" అని తప్పించుకోవడంలో ఉంది.

ఆయనే తర్వాత 88వ కీర్తన చదవమన్నాడు. మొర పెట్టుకునే కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి స్తుతివైపు తిరుగుతాయి. ఇది తిరగదు. 18 వచనాలూ మొరే, ఆఖరి మాట చీకటి గురించే. కానీ రాసినవాడు పగలూ రాత్రీ, ఉదయాన్నే, ఆ దేవుడికే మొర పెడుతున్నాడు. ఇలాంటి ప్రార్థన బైబిల్లోనే ఉందని తెలిసి నేను ఏడ్చాను. కొన్ని నెలలపాటు పొద్దున్నే అదొక్కటే పైకి చదివి లేచేవాణ్ణి. నాకంటూ మాటల్లేవు కాబట్టి అవి అరువు తెచ్చుకున్నాను. మీరూ గంటలకొద్దీ ప్రార్థించాలని పట్టుబట్టకండి. ఒక కీర్తన, వినబడేలా, రోజూ అదే వేళకి చాలు.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక, నాలుగో అధ్యాయం తెరవండి. 10వ వచనంలో దేమా అనే తోటి పనివాడు ఈ లోకాన్ని ప్రేమించి తనను విడిచి వెళ్ళిపోయాడని పౌలు రాస్తాడు. ఆ కింది వచనంలోనే మార్కును వెంటబెట్టుకుని రమ్మంటాడు, పరిచర్యకు పనికొస్తాడని. ఈ మార్కు ఒకప్పుడు సువార్త ప్రయాణం మధ్యలో, పంఫూలియ ప్రాంతంలో, పౌలును, అతని తోటి సేవకుడు బర్నబాను వదిలేసి యెరూషలేముకు తిరిగి వెళ్ళిపోయినవాడే. అతన్ని మళ్ళీ తీసుకెళ్ళే విషయంలో పౌలు, బర్నబా తీవ్రంగా వాదించుకుని వేరైపోయారు. ఫిలేమోను పత్రికలో మార్కు, దేమా ఇద్దరినీ పౌలు జత పనివారని ఒకే వరుసలో రాశాడు. ఆ రోజు చూస్తే తడబడిన చరిత్ర ఉన్నది మార్కుకే. దేమా ఎందుకలా అయ్యాడో అంతకుమించి మనకు చెప్పలేదు. మార్కు పక్కన మాత్రం బర్నబా ఉన్నాడు, పౌలు వద్దన్నా వదలకుండా ఓడ ఎక్కించుకుని వెంట తీసుకెళ్ళినవాడు. నేను నిలబడ్డాను అని అనుకున్నప్పుడల్లా ఆ పెద్దాయన వేలు గుర్తొస్తుంది. మనం నిలబడం బ్రదర్, మనల్ని నిలబెడతారు. యేసును ఎరగనని పేతురు బొంకకముందే అతని నమ్మిక తప్పిపోకుండా ప్రభువు వేడుకున్నాడు చూడండి, ఆ ప్రార్థన జరిగిన సంగతి ఆయన చెప్పేదాకా పేతురుకు తెలియదు.

మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు, ఆమె ఏళ్ళ తరబడి దేవుని సన్నిధి తెలియని చీకటిలో పనిచేసిందని చదివి చాలామంది ఆశ్చర్యపోయారు. నేను ఆగింది వేరే చోట. ఆ చీకటిని ఆమె తనకు ఆత్మీయంగా దారి చూపే గురువులకు రాసుకుంది, తనలోనే దాచుకోలేదు.

నిద్ర పట్టకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా డాక్టరుకు కూడా చూపించుకోండి, అది విశ్వాసం తక్కువై కాదు. చచ్చిపోతానన్న ఏలీయా ప్రవక్తను దేవదూత రెండుసార్లు తట్టి లేపి తినమన్నాడు. ఆ తిండి బలంతోనే అతను 40 పగళ్ళూ 40 రాత్రులూ నడిచి హోరేబు కొండ చేరాడు. ఒకవేళ మీ సంఘంలోనే ఎవరైనా మిమ్మల్ని గాయపరిచి ఉంటే, వేరే సంఘానికి వెళ్ళడం క్రీస్తును వదలడం కాదు. ఒంటరిగా ఉండిపోవద్దు, అంతే.

మళ్ళీ ఆ మొదటి ఆనందం వస్తుందా అని అడిగారు. ఫలానా రోజున వచ్చిందని నేను సాక్ష్యం చెప్పలేను. ఒకరోజు బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన తల్లి భుజం మీద ఒక పసివాడు ఆగకుండా దగ్గుతున్నాడు. వాడి కోసం ప్రార్థిస్తున్నానని, ప్రార్థన సగం అయ్యాక గమనించాను. అన్నయ్య పోయాక ఎవరి స్వస్థత కోసమూ నేను నోరు తెరవలేదు. బస్సు వచ్చింది, ఎక్కలేదు. అక్కడే నిలబడి మిగతా సగం పూర్తిచేశాను.

ఈ ఆదివారం వెళ్ళండి. మీకు నమ్మకమున్న ఒక్కరి పక్కన కూర్చుని, నాకు రాసిన ఈ మాటలే వారికి చెప్పండి. ఈలోగా మీ పేరు నాకు తెలియకపోయినా, ఈ రాత్రి మీ బదులు నేను ప్రార్థిస్తాను.